దగ్గు వినని డాక్టరు

ఆ ఇంట్లో మగవాళ్ళు గడప దాటేముందు దగ్గుతారు. లోపలున్న కోడలు తలగుడ్డ సర్దుకోవడానికి, కాళ్ళు చాపుకుని ఉంటే ముడుచుకోవడానికి అదొక కబురు. బురుల్ కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మామగారి దగ్గు ఆమె చెవికి పట్టేసింది. పొడి దగ్గు, గొంతులో చిన్న రాయి దొర్లినట్టు. ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి. అది వినపడగానే బురుల్ చెయ్యి తనంతట తానే తలమీదికి పోయేది.

మామగారు చలికాలంలో పోయారు. మంచు కరుగుతున్న రోజుల్లో బురుల్‌కి కొడుకు పుట్టాడు. ఇప్పుడు ఆ దగ్గు ఊయలలోంచి వినపడుతోంది.

పిల్లాడికి తాత పేరే పెట్టారు, మురాతాలి అని. మామగారి పేరు కోడలి నోట రాకూడదు. ఆ కొండల్లో ఏ కోడలికీ అది కొత్త కాదు. ఆయన పోయినా అంతే, పేరు మనవడికి దిగినా అంతే. అంచేత బురుల్ కన్నకొడుకుని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. అత్తగారు కూడా మొగుడి పేరు పలికే మనిషి కాదు. మామగారు బతికుండగా ఇద్దరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. ఇప్పుడు పిల్లాణ్ణీ అలాగే అంటున్నారు.

అత్తగారిని బురుల్ అపా అని పిలుస్తుంది. ఆవిడ హుషారు మనిషి. తెల్లారగానే ఊయల మీద గుడ్డ తొలగించి సరసాలాడేది.

"ఏం ముసలోడా, లేచావా? పోయినా నా మీద పెత్తనం మానలేదు కదా! చూడవే పిల్లా, ఆ కనుబొమలు చూడు. టీ చల్లారిందని కసురుకునే మొహమేగా ఇది!"

మొదట్లో బురుల్ కూడా నవ్వింది. భర్త ఎర్మెక్ బొగ్గు లారీ తోలుతూ వారాల తరబడి కొండ దారుల్లోనే ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా "మా నాన్న ఏం చేస్తున్నాడు?" అని అతనూ అదే హాస్యం. అందరూ అదే హాస్యం. నవ్వుతూ నవ్వుతూ బురుల్‌కి నిద్ర దూరమైంది. ముందు కొంచెం తగ్గింది, తరవాత అసలు రాలేదు.

ఒక మధ్యాహ్నం పాలివ్వడానికి ఊయల మీదికి వంగి బొత్తాలు విప్పుతుంటే దగ్గు వినపడింది. చెయ్యి తలమీదికి పోయింది. కిందికి చూస్తే, అక్కడి అలవాటు ప్రకారం ఊయలకి గుడ్డలతో కట్టి ఉంచిన ఆ చిన్న మనిషి కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. పిల్లలు పాలకోసం చూసే చూపు కాదది. గదిలోకి వచ్చి, కోడలు ఇంకా సర్దుకోలేదని ఓర్చుకుంటూ నిలబడ్డ పెద్దమనిషి చూపు.

ఆమె బొత్తాలు పెట్టేసుకుంది. మామగారి ముందు రొమ్ము ఎలా తీస్తుంది?

ఆ తరవాత కళ్ళు మూసుకుని, మొహం మీద ముసుగు లాక్కుని పాలిచ్చి చూసింది. అదీ చేతకాలేదు. అపాకి తెలియకుండా ఆవుపాలలో నీళ్ళు కలిపి చెంచాతో పోసేది. ఊయల వైపు వీపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచి గదిలోంచి బయటికి వచ్చేది. పిల్లాడి మణికట్లు పుల్లల్లా అయ్యాయి. ఇలాగే ఉంటే వీడు చచ్చిపోతాడు అని బురుల్‌కి తెలుస్తూనే ఉంది. దాని పక్కనే ఇంకో మాట కూడా వినపడేది, అచ్చం తన గొంతుతోనే. ఒకసారి పోయినవాడు మళ్ళీ ఎలా పోతాడు?

ఆ రెండో మాట వినపడగానే ఆమె గది వదిలి వాకిట్లోకి వచ్చేసేది.

మొదట కనిపెట్టింది ఆడబిడ్డ జిపార్. బజారులో మేజోళ్ళు అమ్ముకునే మనిషి. నోరు పెద్దది, కళ్ళు ఇంకా పెద్దవి.

"ఏంటే ఇది! పిల్లాడు ఎండిన పండులా ఉన్నాడు. పాలు పడటం లేదా?"

"పడుతున్నాయి వదినా."

"మరి ఎవరు తాగుతున్నారే, పిల్లా? పిల్లులా?"

బురుల్ నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూ అంతా చెప్పింది, ఆ రెండో మాట తప్ప. జిపార్ చాలాసేపు గోడవైపు చూసింది. పోయింది ఆమె కన్నతండ్రి మరి.

"అమ్మకి చెప్పకు. మంత్రాలవాణ్ణి పిలిచి గొర్రెని కోయిస్తుంది. నేను కనుక్కుంటాలే."

బజారులో అలాంటివి గట్టిగా అడగరు. పిచ్చి డాక్టరు అనరు, నరాల డాక్టరు అంటారు. అదీ తమకి కాదని, ఎవరో దూరపు చుట్టానికని అడుగుతారు. జిపార్ మేజోళ్ళు బేరం చేస్తూ చేస్తూనే సంగతులన్నీ లాగింది. పెద్దాసుపత్రిలో ఇద్దరున్నారు. కింద అంతస్తులో తిలెక్ అని కొత్త కుర్రాడు. వాడు వచ్చినవాళ్ళందరి పేర్లూ పిచ్చివాళ్ళ పద్దులో ఎక్కిస్తాడని చెడ్డపేరు. ఒకసారి ఎక్కితే పోదు, రేపు పిల్లాడికి పిల్లనిచ్చేవాళ్ళు కూడా అడుగుతారు. పై అంతస్తులో సాకిన్ అమ్మ. ముసలావిడ, తేనెలాంటి మాట, పేరూ గీరూ రాయదు. అడిగిన ప్రతివాళ్ళూ ఆమె దగ్గరికే వెళ్ళమన్నారు.

టీకా వేయించాలని అపాకి చెప్పి ఇద్దరూ బయల్దేరారు. తీరా వెళితే పై గది తాళం వేసి ఉంది, సాకిన్ అమ్మ ఆ రోజు రాదట. వచ్చింది ఎలాగూ వచ్చాం కదా అని కింద తలుపు తట్టారు.

కిటికీ అద్దాలకి సగం వరకూ తెల్లరంగు పూసిన చిన్న గది. తిలెక్‌కి మీసం ఇంకా సరిగా రాలేదు. సగం తిన్న సమోసాని గబగబా సొరుగులోకి తోశాడు.

"కూర్చోండి. ఎవరికి బాగాలేదు?"

"వీరికి," అని బురుల్ ఒళ్ళో పిల్లాణ్ణి చూపించింది.

"దీనికి," అని జిపార్ బురుల్‌ని చూపించింది.

"పిల్లాడి పేరేంటి?"

"దాని నోట రాదు డాక్టర్. మా నాన్న పేరది, మురాతాలి."

"సరే. మా అమ్మా అంతే, మా తాత పేరు చెప్పమంటే చేతులు తిప్పుతుంది." తిలెక్ బురుల్ వైపు తిరిగాడు. "పేరు వద్దులెండి. వీడిని మీరు ఏమని పిలుస్తారు?"

"పెద్దాయన అని."

అప్పుడే దగ్గు వినపడింది. ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి. బురుల్ ముసుగు ముందుకి లాక్కుంది.

"ఏమైంది?"

"దగ్గారు."

"ఎవరు?"

"వారే," అంది బురుల్ తల వంచుకుని.

తిలెక్ లేచి వచ్చి పిల్లాడి మీదికి వంగి కాసేపు చెవి పెట్టాడు. దగ్గరికి వస్తే అతని నోట్లోంచి ఉల్లిపాయ వాసన వస్తోంది. తరవాత జిపార్‌ని అడిగాడు.

"మీరు విన్నారా?"

జిపార్ నేలవైపు చూసింది. "లేదు."

"నేనూ వినలేదు. మీకు వినపడిందంటే నమ్ముతానమ్మా. కానీ ఈ గదిలో ఎవరూ దగ్గలేదు."

బురుల్‌కి చెంపమీద కొట్టినట్టయింది. ఎవరూ దగ్గలేదట! ఇంత దూరం వచ్చి, వదిన ముందు అబద్ధాలకోరు అనిపించుకున్నట్టు అయింది. తిలెక్ నిద్ర సంగతి అడిగాడు, తిండి సంగతి అడిగాడు. తరవాత గొంతు మార్చకుండానే ఇంకోటి అడిగాడు.

"బిడ్డని ఏమైనా చేస్తానేమో అన్న ఆలోచన వస్తోందా?"

"లేదు," అంది బురుల్.

అతను ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "మిమ్మల్ని ఈ రోజే ఆసుపత్రిలో ఉంచాలి."

జిపార్ లేచి నిలబడింది. "ఉంచేదేంటి? పద్దులో ఎక్కించడానికా? పదవే!"

అతను నడవాలోకి వెంటపడి వచ్చాడు. "అక్కా, ఒక్క మాట. ఈమెని పిల్లాడితో ఒంటరిగా వదలకండి. అస్సలు వదలకండి."

"మాకు తెలుసులే నాయనా. నువ్వు ముందు మీసం రానియ్యి."

సాకిన్ అమ్మ వచ్చే రోజున మళ్ళీ వెళ్ళారు. పై అంతస్తు నడవా చల్లగా, మరీ నిశ్శబ్దంగా ఉంది. బెంచీల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు కానీ ఎవరూ కబుర్లాడుకోవడం లేదు. బురుల్ పక్కన కూర్చున్నామె ఒళ్ళో మడతపెట్టిన దుప్పటి ఉంది. దాన్ని మెల్లగా జోకొడుతోంది. లోపల ఏమీ లేదు. జుట్టు నెరిసింది కానీ మొహం కుర్రదే.

"మీరు అమ్మ దగ్గరికి చాలా రోజులుగా వస్తున్నారా?" అంది బురుల్, ఏదో ఒకటి అనాలని.

"చాలా ఏళ్ళు," అందామె. "చాలా మంచిది. ఏదీ కాదనదు."

సాకిన్ అమ్మ గదిలో తివాచీలు, మూసిన తెరలు, పొగలు కక్కుతున్న టీ. జిపార్‌ని బయటే ఉండమంది. పిల్లాణ్ణి చూడగానే ఆవిడ లేచి నిలబడింది. గుండెమీద చెయ్యి పెట్టుకుని వంగింది.

"రండి పెద్దాయనా, రండి."

గుమ్మానికి దూరంగా, ఇంటిపెద్దని కూర్చోబెట్టే చోట పరుపు మీద పరుపు వేసి వాణ్ణి పడుకోబెట్టింది. మొదటి గిన్నెడు టీ పోసి వాడి ముందే పెట్టింది. బురుల్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి ఒక మనిషి పిల్లాణ్ణి తనలాగే చూసింది!

"చెప్పు తల్లీ. దగ్గుతున్నారు కదూ?"

"అవునమ్మా! మీరు... మీరు విన్నారా?"

"విన్నానమ్మా. ఇప్పుడేగా."

నిజానికి ఆ గదిలోకి వచ్చాక బురుల్‌కి ఏ దగ్గూ వినపడలేదు. ఆ సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

"కింద డాక్టరు లేదన్నాడమ్మా."

"పసివాడు. వాడికేం తెలుసు?"

"మామగారు తిరిగొచ్చారు అమ్మా. ఇది నా భ్రమ కాదు కదా?"

"కాదు తల్లీ. నువ్వన్నది నిజం."

బురుల్ పెదాలు తడుపుకుంది. వదినకి చెప్పనిది, కింద దాచినది, ఇక్కడ దానంతట అది బయటికి వచ్చింది. "మరి ఆయన్ని... ఆయన చోటికి మళ్ళీ పంపించాలా?"

సాకిన్ అమ్మ ఆమె చెయ్యి తీసుకుని నిమిరింది. ఆ అరచెయ్యి దూదిలా ఉంది, ఎముక తగలకుండా.

"నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి తల్లీ. నీ మనసుకి అన్నీ తెలుసు."

ఇంటికి వచ్చేటప్పుడు బురుల్ చాలా తేలికగా ఉంది. రొట్టెలు కాల్చింది, వాకిలి ఊడ్చింది. "టీకా పిల్లాడికి వేశారా, నీకు వేశారా?" అని అపా నవ్వింది. నయమైపోయిందనుకుని జిపార్ తన దుకాణానికి వెళ్ళిపోయింది. సాకిన్ అమ్మ ఇచ్చిన మందుచుక్కలు అలమరలోనే ఉండిపోయాయి. బురుల్‌కి ఇక మందుతో పనేముంది? నిజమని డాక్టరే చెప్పింది కదా.

మర్నాడు అపా పొరుగింట్లో వర్ధంతి భోజనానికి వెళ్ళింది. బురుల్ పిల్లాడికి స్నానం చేయించింది, కొత్త తెల్లగుడ్డ చుట్టింది. మామగారు పెట్టుకునే ఎత్తు టోపీ రంగు కూడా తెలుపే. మిట్టమధ్యాహ్నం, కళ్ళు చెదిరే ఎండలో, ఊరి వెనక గుట్టమీద సమాధుల వైపు నడిచింది. దారిలో ఎదురైన ఒక ముసలాయన గుర్రం ఆపి "పిల్లాడు బావున్నాడా అమ్మా?" అని పలకరించాడు. "బావున్నారు తాతా," అంది. గొంతు ఏమాత్రం వణకలేదు. దానికి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మామగారి మట్టిదిబ్బ మీద చిన్న గడ్డి మొలిచింది. ఆమె వాణ్ణి దాని మీద పడుకోబెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి, తలవంచుకుని నిలబడింది.

"వెళ్ళిరండి పెద్దాయనా."

గాలి లేదు. పిట్ట లేదు. కింద ఊళ్ళో కుక్కలు కూడా మొరగడం లేదు. ఎంతసేపు నిలబడిందో తెలియదు. దగ్గు వినపడుతుందేమోనని చూసింది, వినపడలేదు. వాడు పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరించాడు. ఏమీ రాకపోయేసరికి ఏడవబోయాడు. ఏడవడానికి కూడా ఓపిక లేక గాలి మాత్రం వచ్చింది. బురుల్ రవిక ముందంతా తడిసిపోయింది. పాలు. ఆమె ఆ తడివైపు ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

ఇంత నిశ్శబ్దంలో లేని దగ్గు నిన్న ఆ గదిలో ఎక్కడిది? నాకే వినపడని దగ్గుని సాకిన్ అమ్మ ఎలా వింది?

ఏదీ కాదనదు అంది బెంచీ మీదామె. అప్పుడు బురుల్‌కి ఆ దుప్పటి కళ్ళముందుకి వచ్చింది. దాని మడతలు, దాని బరువు ఇంకా ఉన్నట్టు ఆమె చెయ్యి వేసిన తీరు. ఆ దుప్పటిలో ఒకప్పుడు ఎవరున్నారు? ఆమె కూడా వెళ్ళి ఒక మాట అడిగిందా? నీ మనసుకి తోచింది చెయ్యి తల్లీ అని ఆమెకి కూడా చెప్పారా?

బురుల్ పరుగెత్తింది. దిబ్బమీదనుంచి వాణ్ణి ఎలా తీసిందో, గుట్ట ఎలా దిగిందో తెలియదు. దిగుతున్నంతసేపూ చెవి పక్కనే దగ్గు మొదలైంది. ఒకటి ఆగకముందే ఇంకొకటి. కోపంగా, ఇంటిపెద్ద కోడలిని అదిలిస్తున్నట్టు. ముసుగు జారిపోయింది. సర్దుకోవాలంటే ఒక చెయ్యి వదలాలి. వదల్లేదు. ఉత్త తలతో బజారంతా పరుగెత్తి ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చింది. ఎదురుగా మెట్లున్నాయి. పైకి వెళ్ళలేదు.

తిలెక్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆమెని చూసి ఫోన్ పెట్టేశాడు.

"మొన్న అబద్ధం చెప్పాను," అంది బురుల్ ఆయాసపడుతూ. "మీరు అడిగారే, బిడ్డని ఏమైనా... అది వస్తోంది. ఇప్పుడు సమాధుల దగ్గరనుంచే వస్తున్నా. వదిలేసి రావడానికే వెళ్ళాను. వీడిని తీసుకోండి. నా దగ్గర ఉంచకండి."

అతను రెండు చేతులా పిల్లాణ్ణి అందుకున్నాడు. పిల్లల్ని ఎత్తుకోవడం సరిగా రాదని తెలిసిపోతోంది. నర్సుని కేకేసి పాలు తెమ్మన్నాడు.

అంతలో మళ్ళీ వినపడింది, అతని చేతుల్లోంచే. పొడిగా, ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి. బురుల్ అతని మొహం మీదనుంచి కళ్ళు తిప్పలేదు. ఆమె ప్రాణమంతా ఆ చూపులోనే ఉంది.

"ఇప్పుడు దగ్గారు. విన్నారా?"

జాలిపడి అవునంటాడేమోనని భయపడింది.

"లేదమ్మా," అన్నాడు తిలెక్. "వినలేదు."

బురుల్ గోడకి జారబడి నేలమీద కూర్చుండిపోయింది. ఈయనే కావాలి అనుకుంది. నాకు వినపడేది విననివాడు ఒక్కడైనా ఉండాలి. లేకపోతే నేను ఎటు పోతానో ఎవరికి తెలుస్తుంది?

కబురందుకుని అపా, జిపార్ వచ్చేసరికి నర్సు సీసాతో పాలు పడుతోంది. పిల్లాడు కళ్ళు మూసుకుని గుటకలు వేస్తున్నాడు. సంగతి విని అపా ఏడ్చేసింది.

"సరదాకి అన్నానే పిల్లా! ఇల్లు బోసిపోయిందని... మాట్లాడటానికి మనిషి లేక ఆ పసివాడితో మాట్లాడుకున్నానే!"

"మీ సరసంవల్ల వచ్చింది కాదు అమ్మా," అన్నాడు తిలెక్. "కాన్పు తరవాత కొందరికి వస్తుంది. మీరు ఇంకో మాట అని ఉంటే ఇంకో రూపంలో వచ్చేది. మందుంది, తగ్గుతుంది. కొన్నాళ్ళు ఈమె ఇక్కడే ఉండాలి. పిల్లాణ్ణి మీరు పెంచండి, రోజూ తెచ్చి చూపించండి. నేనో నర్సో పక్కనుంటాం."

జిపార్ ఇన్నాళ్ళకి మెల్లగా మాట్లాడింది. "పేరు ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తాను అక్కా. దాచను."

జిపార్ ఏదో అనబోయింది. అపా కళ్ళు తుడుచుకుని కూతురి చెయ్యి నొక్కింది. "ఎక్కించుకోనీ. రేపు వీడికి పిల్లనివ్వని వాళ్ళ పిల్ల మనకెందుకు? ముందు నా కోడలిని పడుకోబెట్టు నాయనా."

మందుతో బురుల్ పడుకుంది. లేచింది, మళ్ళీ పడుకుంది. లేచినప్పుడల్లా నోరు ఎండిపోయేది, ఒళ్ళు తడిసిన దుప్పటిలా బరువుగా ఉండేది. కొన్నిసార్లు మంచం పక్కన ఎవరో నిలబడి తను సర్దుకోవడం కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది. మళ్ళీ నిద్ర వచ్చి ఆ నిలబడ్డ మనిషిని కప్పేసేది.

ఒక పగటిపూట కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోగలిగింది. కింద ఆవరణలో పొడుగాటి చెట్ల మధ్య అపా పిల్లాణ్ణి ఎత్తుకుని తిరుగుతోంది. వాడి చెంపలు కాస్త పొంగాయి. అపా ఇప్పుడు వాడితో ఏ సరసమూ ఆడటం లేదు, ఊరికే ఊ ఊ అంటోంది. వాళ్ళ వెనకే, చేతులు వెనక్కి కట్టుకుని, ఎత్తు టోపీ పెట్టుకున్న ఒకాయన నడుస్తున్నాడు. చెట్ల నీడ వాళ్ళిద్దరి మీదా పడుతోంది. ఆయన మీద పడటం లేదు.

తిలెక్ సూప్ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఏం చూస్తున్నారు?"

అపాని, పిల్లాణ్ణి అంటే సరిపోతుంది. ఆ మాట అంటే ఇంటికి తొందరగా పంపుతారని కూడా బురుల్‌కి తెలుసు. నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"అపా, పిల్లాడు," అంది. "వెనకాల మామగారు."

తిలెక్ కిటికీలోంచి కిందికి చూశాడు. తొందరపడకుండా, చెట్టు చెట్టూ చూశాడు.

"నాకు ఇద్దరే కనపడుతున్నారు. ఆయన వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాడా?"

"లేదు. దూరంగానే నడుస్తున్నారు."

"మిమ్మల్ని ఏమైనా చెయ్యమంటున్నాడా?"

బురుల్ చాలాసేపు చెవి ఒగ్గింది.

"ఈ రోజు ఏమీ అనలేదు."

"రేపు ఏమైనా అంటే అదీ చెప్పండి. వెళ్ళిపోయినా చెప్పండి. ఇప్పుడు ఇది తాగండి, చల్లారిపోతోంది."

ఆమె కుర్చీ కొంచెం జరుపుకుంది. ఆవరణ కనపడాలి, డాక్టరు మొహమూ కనపడాలి. తరవాత చెంచా తీసుకుంది.